ఎడమ దిక్కా, కుడి దిక్కా? కిడ్నీ క్యాన్సర్‌లో పక్క చెప్పేదెంత?

నిర్మల్ జిల్లా భైంసా చుట్టుపక్కల పల్లెల నుంచి స్కానింగుకు వచ్చిన మనిషి కిడ్నీలో గడ్డ కనబడిందని చెబితే ఇంటివాళ్ళు గడ్డ ఎంత పెద్దదని అడగరు. "ఏ దిక్కుది సార్, ఎడమదా కుడిదా?" అని అడుగుతారు. జవాబు దొరికాక కాస్త ఆగి రెండో ప్రశ్న వేస్తారు: "గా దిక్కుదైతే మంచిదేనా?" మొదటిదానికి డాక్టరు తడుముకోకుండా చెబుతాడు. రెండోదాన్ని చాలామంది చిరునవ్వుతో దాటేస్తారు. అంత తేలిగ్గా తీసేయాల్సిన ప్రశ్న కాదది. అమెరికాలో, జర్మనీలో, చైనాలో పరిశోధకులు వేల మంది రోగుల లెక్కలు ముందేసుకుని ఇదే అడిగారు. గడ్డ ఎడమ కిడ్నీలో ఉన్నవాళ్ళూ కుడి కిడ్నీలో ఉన్నవాళ్ళూ ఒకేలా బతుకుతున్నారా అని.

ఆ పరిశోధనలన్నీ ఒకచోట పెట్టి చూస్తే నాకు తోచింది ముందే చెప్పేస్తాను. రోగి ఎన్నేళ్ళు బతుకుతాడన్నది పక్కను బట్టి మారేది బహు స్వల్పం. ఆపరేషన్ ఎలా సాగుతుంది, ఏ లక్షణం ముందు బయటపడుతుంది, ఎక్కడ పొరపాటు జరిగే వీలుంది అన్నవి మాత్రం పక్కను బట్టి బాగానే మారతాయి. ఈ రెండు సంగతులనూ కలిపి మాట్లాడటం వల్ల రోగులకే కాదు, కొన్నిసార్లు పరిశోధకులకూ తికమక కలుగుతోంది.

పెద్దవాళ్ళకు వచ్చే కిడ్నీ క్యాన్సర్లలో నూటికి ఎనభై ఐదుకు పైగా రీనల్ సెల్ కార్సినోమా అనే రకానివే. అందులోనూ ముప్పావు వంతు క్లియర్ సెల్ రకం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ అంచనా ప్రకారం 2022లో ప్రపంచమంతటా సుమారు 4,35,000 మందికి కొత్తగా కిడ్నీ క్యాన్సర్ వచ్చింది. దాదాపు 1,56,000 మంది చనిపోయారు. ఆడవాళ్ళ కంటే మగవాళ్ళలో ఇంచుమించు రెట్టింపు. రుజువైన కారణాల్లో పొగాకు, ఊబకాయం, అధిక రక్తపోటు ముందు వరుసలో ఉన్నాయి. నిర్మల్, నిజామాబాద్ ప్రాంతాల్లో ఇంటింటా బీడీలు చుట్టే ఆడవాళ్ళను చూసి, బీడీ ముట్టుకుంటేనే ఈ జబ్బు వస్తుందేమోనని కొందరు భయపడతారు. ఇక్కడ రుజువైంది బీడీ తాగే అలవాటు సంగతే.

ఇక రెండు కిడ్నీలు ఎంతవరకు ఒకటి? పత్తి చేలో గుంటుక తోలే రైతుకు దాపటెద్దు, వలపటెద్దు ఒకటి కాదని తెలుసు. ఒకే కాడి కింద ఒకే పని చేస్తాయి గానీ దేని చోటు దానిది, దేని అలవాటు దానిది. కిడ్నీలూ అంతే. కుడివైపు పైన కాలేయం కూర్చుని ఉంటుంది కాబట్టి కుడి కిడ్నీ ఎడమదానికంటే కొంచెం కిందికి దిగి ఉంటుంది. ఎడమ కిడ్నీ పైన ప్లీహం, ముందు క్లోమం తోక ఉంటాయి. కుడిదానికి చిన్నపేగు మొదటి భాగం ఆనుకుని ఉంటుంది. ఇవన్నీ చిన్న తేడాలు. అసలు తేడా రక్తనాళాల్లో ఉంది.

శరీరంలో కింది సగం రక్తాన్నంతా గుండెకు చేర్చే పెద్ద సిర, వీనా కేవా, వెన్నెముకకు కుడివైపున నడుస్తుంది. అందుకే కుడి కిడ్నీ సిరకు దూరం తక్కువ. రెండు నుంచి నాలుగు సెంటీమీటర్లలో నేరుగా వెళ్ళి అందులో కలుస్తుంది. ఎడమ సిర అలా కాదు. బృహత్ ధమని ముందు నుంచి దాటుకుంటూ ఆరు నుంచి పది సెంటీమీటర్లు ప్రయాణించాలి. దారిలో ఎడమ అడ్రినల్ గ్రంథి సిర, ఎడమ వృషణం లేదా అండాశయం సిర, నడుము సిరలు వచ్చి దానిలో కలుస్తాయి. కుడివైపు ఇవే సిరలు చాలావరకు కిడ్నీ సిరతో పని లేకుండా సొంతంగా వీనా కేవాకు వెళ్ళిపోతాయి. కిడ్నీ దానం చేసేవాళ్ళ నుంచి సాధారణంగా ఎడమ కిడ్నీనే తీసుకోవడానికి ఈ పొడవాటి సిరే కారణం. కుట్టడానికి చేతికి అందుతుంది.

కిడ్నీ క్యాన్సర్‌కు ఒక వింత గుణం ఉంది. గడ్డ కిడ్నీలోంచి సిరలోకి వేలు చాచినట్టు పెరుగుతూ పోతుంది. నూటికి నాలుగు నుంచి పది మందిలో ఇలా జరుగుతుంది. వైద్యులు దీన్ని ట్యూమర్ థ్రాంబస్ అంటారు. ముదిరితే వీనా కేవాలోకి దిగి, కాలేయం వెనక నుంచి పైకి పాకి, కొందరిలో గుండె కుడి గది దాకా చేరుతుంది. వీనా కేవా దాకా చేరిన కేసుల్లో కుడి కిడ్నీవే ఎక్కువని ఆపరేషన్ల రికార్డులన్నీ చెబుతున్నాయి. దారి పొట్టిది కదా. గుండె దాకా చేరిన థ్రాంబస్‌ను తీయాలంటే యూరాలజీ సర్జనొక్కడే చాలడు. గుండె సర్జన్, గుండె పనిని కాసేపు మోసే యంత్రం, బ్లడ్ బ్యాంకు, ఐసీయూ అన్నీ కావాలి. అంటే ఈ ఒక్క విషయంలో కుడి పక్క రోగికి కష్టం ఎక్కువ.

ఎడమ పక్కకూ తన కష్టాలు తనకున్నాయి. ఎడమ కిడ్నీ తీసేటప్పుడు ప్లీహానికి గీరుకుపోయి రక్తం ఆగక, చివరికి ప్లీహాన్నీ తీసేయాల్సి రావడం సర్జన్లకు పాత తలనొప్పి. ప్లీహం పోయినవాళ్ళకు న్యూమోకాకస్ లాంటి సూక్ష్మజీవుల ముప్పు జీవితాంతం ఉంటుంది, టీకాలు వేయించుకోవాలి. ఇంకో సూక్ష్మమైన సంగతి కూడా ఉంది. థ్రాంబస్ వల్ల వీనా కేవా ముక్కనే కోసి తీసేయాల్సి వచ్చిందనుకోండి. కుడి కిడ్నీ క్యాన్సరైతే మిగిలేది ఎడమ కిడ్నీ. దాని సిరను వీనా కేవాలో కలిసే చోట కట్టేసినా అడ్రినల్, వృషణ, నడుము సిరల పక్కదారుల్లో రక్తం బయటికి పోతుంది, కిడ్నీ బతుకుతుంది. ఎడమ కిడ్నీ క్యాన్సరైతే మిగిలే కుడి కిడ్నీకి ఆ పక్కదారులు లేవు. దాని సిరకు కొత్త దారి కట్టి తీరాలి. అంటే వీనా కేవా దాకా రావడం కుడిదానికి ఎక్కువైనా, వచ్చిన తర్వాత చిక్కు ఎడమదానికి ఎక్కువ. శరీరశాస్త్రం ఇలా ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకుంటుంటే, మొత్తం మీద ఏ పక్క మెరుగో కాగితం మీద తేల్చడం కుదిరే పని కాదు. లెక్కల్లోకి వెళ్ళక తప్పదు.

లెక్కలు ఎక్కువగా అమెరికాలోని సీర్ అనే క్యాన్సర్ రిజిస్ట్రీ నుంచి వచ్చాయి. 1973లో మొదలైన ఈ రిజిస్ట్రీ ఇప్పుడు ఆ దేశ జనాభాలో దాదాపు సగం మందిని లెక్కిస్తోంది. ప్రతి గడ్డకూ ఏ పక్కదో రాసి ఉంటుంది కాబట్టి కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళకు ఇది తేలిగ్గా దొరికే ప్రశ్న. ఆ సమాచారంతో వచ్చిన విశ్లేషణల్లో కొన్ని, ఎడమ కిడ్నీ గడ్డ ఉన్నవాళ్ళ మనుగడ కుడివాళ్ళకంటే కొంచెం తక్కువని చూపాయి. వయసు, దశ, గ్రేడు సమానంగా ఉన్నవాళ్ళను జతలు జతలుగా పెట్టి చూసినా ఆ కొంచెం మిగిలిందన్నాయి. ఆసుపత్రుల నుంచి వచ్చిన చిన్న అధ్యయనాల్లో మాత్రం దశా గ్రేడూ లెక్కలోకి తెచ్చాక పక్కకు విలువ మిగలని సందర్భాలే ఎక్కువ. తేడా కనబడిన చోట కూడా అది నూటికి కొద్ది పాళ్ళను మించలేదు.

ఈ "కొంచెం" ఎలాంటిదో ఊహా లెక్కతో చూద్దాం. అయిదేళ్ళ తర్వాత కుడి పక్కవాళ్ళు నూటికి 76 మంది, ఎడమ పక్కవాళ్ళు 74 మంది బతికి ఉన్నారనుకుందాం. వైపుకు వంద మందిని చూసిన ఆసుపత్రికి ఈ రెండు పాళ్ళ తేడా కాకతాళీయం నుంచి వేరు చేయడం అసాధ్యం. వైపుకు ఇరవై వేల మందిని చూసిన రిజిస్ట్రీలో అదే తేడా గణాంక పరీక్షలో ఢంకా మోగిస్తుంది. సంఖ్యాశాస్త్రం భాషలో దాన్ని అర్థవంతమైన తేడా అంటారు. రోగి మంచం పక్కన అది అర్థవంతం అవునా కాదా అన్నది వేరే ప్రశ్న. వేల సంఖ్యలున్న కాగితాలు చదివేటప్పుడు చాలామంది ఈ మెట్టు దగ్గరే జారతారు. తేడా ఉందా అన్నదానికీ, ఎంత ఉందన్నదానికీ మధ్య గీత చెరిగిపోతుంది.

ఉన్న ఆ కాస్త తేడాకైనా కారణమేమిటి? ఎడమ సిర పొడవని ఒకరంటారు. శోషరసం పారే దారులు వేరని ఇంకొకరు. ఎడమ కిడ్నీ శోషరసం బృహత్ ధమని పక్కనున్న గ్రంథులకూ, కుడిది వీనా కేవా వెనకా మధ్యా ఉన్న గ్రంథులకూ పోతుందన్నది నిజమే. కానీ ఈ వివరణలన్నీ ఫలితం వచ్చాక వెనక్కి తిరిగి అల్లినవి. ఫలితం తారుమారై కుడివాళ్ళే ముందు పోతున్నారని తేలి ఉంటే, పొట్టి సిర వల్ల గడ్డ త్వరగా వీనా కేవా చేరుతుందని అంతే ధీమాగా రాసి ఉండేవాళ్ళు. నిజానికి అదే తేలిగ్గా నమ్మబుద్ధయ్యే వివరణ. ఫలితమేమో దానికి ఎదురుగా వచ్చింది! ఏ ఫలితానికైనా అతికే వివరణ దేన్నీ వివరించదు.

నాకు ఇంకో అనుమానం ఉంది. ఎవరూ దీన్ని తగినంత పట్టించుకున్నట్టు లేదు. దశను కొలిచే పద్ధతిలోనే పక్క కలిసిపోయి ఉంది. ఇప్పుడు వాడుకలో ఉన్న టీఎన్ఎం పద్ధతిలో గడ్డ కిడ్నీ సిరలో ఉంటే టీ3ఏ, వీనా కేవాలోకి దిగితే టీ3బీ, ఉదరవితానం దాటితే టీ3సీ. మూడు సెంటీమీటర్ల సిర ఉన్న కుడివైపు, గడ్డ నాలుగు సెంటీమీటర్లు పాకేసరికే మెట్టు మారిపోతుంది. ఎనిమిది సెంటీమీటర్ల సిర ఉన్న ఎడమవైపు, గడ్డ ఏడు సెంటీమీటర్లు పాకినా ఇంకా టీ3ఏ లోనే ఉంటుంది. మరి టీ3ఏ ఎడమవాళ్ళనూ టీ3ఏ కుడివాళ్ళనూ సమానమని జతకట్టి పోలిస్తే, ఎడమవాళ్ళ జబ్బు కొంచెం బరువుగా కనబడటంలో వింతేముంది? దశ సరిచేశామని చెప్పుకునే లెక్కలో దశే రెండు పక్కలా ఒకటి కాదు. సిరలో పాకిన పొడవును విడిగా కొలిచి రాయని రిజిస్ట్రీ ఈ చిక్కు విప్పలేదు. చిన్న గడ్డల విషయంలో ఈ వాదన వర్తించదని ఒప్పుకోవాలి, అక్కడ సిర సంగతే రాదు.

పక్క నిజంగా తలరాత మార్చే క్యాన్సర్ లేకపోలేదు. పెద్దపేగు క్యాన్సర్ అలాంటిదే. జబ్బు ఇతర అవయవాలకు పాకిన రోగుల మీద అమెరికాలో జరిగిన పెద్ద ప్రయోగాన్ని 2016లో పక్కల వారీగా విడదీసి చూశారు. ఎడమ పేగులో గడ్డ మొదలైనవాళ్ళ మధ్యస్థ ఆయుష్షు 33.3 నెలలు. కుడి పేగువాళ్ళది 19.4 నెలలు. దాంతో ఏ మందు ఎవరికి ఇవ్వాలన్నదే మారిపోయింది. అక్కడ కారణం కూడా గట్టిది. పిండంలో కుడి పేగు ఒక భాగం నుంచి, ఎడమ పేగు వేరే భాగం నుంచి తయారవుతాయి. వాటి జన్యుమార్పులు వేరు, సూక్ష్మజీవుల లోకం వేరు. కిడ్నీలకు అలాంటి చరిత్ర లేదు. రెండూ ఒకే రకం మూలకణజాలం నుంచి, ఒకే పద్ధతిలో తయారవుతాయి. క్లియర్ సెల్ క్యాన్సర్‌లో మూడో క్రోమోజోము పొట్టి చేయి తెగడం, వీహెచ్ఎల్ జన్యువు చెడటం రెండు పక్కలా ఒకేలా జరుగుతాయి. ఆ జన్యువు చెడితే కణం ప్రాణవాయువు అందనట్టు ప్రవర్తిస్తుంది. కణాలు ప్రాణవాయువు స్థాయిని ఎలా పసిగడతాయో తేల్చిన పరిశోధనలకే 2019లో విలియం కెలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు వైద్య నోబెల్ వచ్చింది. పెద్దపేగు మాదిరి తేడా కిడ్నీలోనూ ఉండి తీరాలని ఆశించేవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగాలి.

కిడ్నీ క్యాన్సర్ రోగి భవిష్యత్తును అంచనా వేయడానికి ప్రపంచమంతా వాడే స్కోర్లు ఉన్నాయి. మేయో క్లినిక్ వాళ్ళది గడ్డ పరిమాణం, దశ, కణాల గ్రేడు, గడ్డలో కుళ్ళిన భాగం చూస్తుంది. జబ్బు పాకినవాళ్ళకు 2009 నుంచి వాడుకలోకి వచ్చిన ఐఎండీసీ పద్ధతి ఆరు ప్రశ్నలు వేస్తుంది: మనిషి తన పనులు తాను చేసుకోగలడా, జబ్బు తెలిసిన ఏడాదిలోపే మందు అవసరమైందా, రక్తహీనత ఉందా, కాల్షియం పెరిగిందా, న్యూట్రోఫిల్ కణాలు పెరిగాయా, ప్లేట్‌లెట్లు పెరిగాయా. ఇందులో నాలుగు రక్తపరీక్షతో తేలేవి. నిర్మల్‌లోనో భైంసాలోనో ఏ ల్యాబులోనైనా అవుతాయి. ఈ స్కోర్లు వేటిలోనూ ఎడమ, కుడి అనే గడి లేదు.

పక్కకు ఎక్కడ విలువ ఉందో అక్కడ దాన్ని గుర్తించాలి. నలభై దాటిన మగవాడికి ఎడమ వృషణం పైన సిరలు కొత్తగా ఉబ్బి, పడుకున్నా తగ్గకపోతే, ఎడమ కిడ్నీ సిరలో గడ్డ అడ్డుపడిందేమోనని చూడాలి. ఆ వృషణ సిర అందులోనే కలుస్తుంది కాబట్టి ఇది ఎడమ పక్క ఇచ్చే హెచ్చరిక. కుడివైపు మాత్రమే ఉబ్బితే ఇంకా జాగ్రత్త పడాలి, వీనా కేవానే మూసుకుపోతుండవచ్చు. మన మగవాళ్ళు దీన్ని వరిబీజమనుకుని లుంగీ చాటున నెలల తరబడి దాచేస్తారు. ఇంట్లో భార్యకు కూడా చెప్పరు. పొట్ట స్కానింగ్ ఒక్కటి చేస్తే తేలే సంగతి.

ఇక పక్క ప్రాణం మీదికి తెచ్చే చోటు ఆపరేషన్ గది. 2000 జనవరిలో వేల్స్‌లోని లానెల్లి పట్టణంలో 70 ఏళ్ళ మనిషికి పాడైన కుడి కిడ్నీకి బదులు బాగున్న ఎడమ కిడ్నీ తీసేశారు. కొన్ని వారాలకు ఆయన చనిపోయాడు. అడ్మిషన్ చీటీలో పక్క తప్పు రాసి ఉంది. తప్పు కిడ్నీ తీస్తున్నారేమోనని ఆపరేషన్ చూస్తున్న ఒక వైద్య విద్యార్థిని అడిగినా పెద్దలు వినలేదు. 2008లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో క్యాన్సర్ ఉందని ఆపరేషన్ చేసిన రోగికి గడ్డ లేని కిడ్నీ తీశారు. అక్కడా పక్క తప్పు ఆపరేషన్‌కు చాలా ముందే కాగితం మీద పడింది. రెండు చోట్లా కత్తి పట్టిన చెయ్యి చీటీని నమ్మింది.

పక్క తారుమారు కావడం ఎంత తేలికో సీటీ ఫిల్మ్ చూస్తే అర్థమవుతుంది. ఫిల్మ్‌ను పడుకున్న రోగి కాళ్ళ దగ్గర నిలబడి చూస్తున్నట్టు ముద్రిస్తారు. అంటే రోగి కుడి మన ఎడమన కనబడుతుంది. ఇంటివాళ్ళు ఫిల్మ్‌ను కిటికీ వెలుగుకు పట్టి "ఎడమదే అన్నరు, గిది కుడికుందేంది?" అని గాబరా పడటం మామూలే. కాలేయం అనే పెద్ద బూడిదరంగు ముద్ద ఏ వైపుందో చూస్తే అదే కుడి. భైంసా లాంటి సరిహద్దు ఊళ్ళో ఇంకో చిక్కు ఉంది. ఒకే వార్డులో తెలుగు, మరాఠీ, ఉర్దూ మాట్లాడేవాళ్ళు ఉంటారు. మరాఠీలో "డావీ" అంటే ఎడమ, ఉర్దూలో "దాయీ" అంటే కుడి. నోటిమాట మీద పక్క రాసుకునే నర్సు ఒక్క అక్షరం తేడాతో తలకిందులు కావచ్చు. చెప్పించుకోవడం కంటే చేత్తో చూపించమనడం మేలు.

ఈ ముప్పుకు విరుగుడు ఖరీదైంది కాదు. 2004 నుంచి అమెరికా ఆసుపత్రుల్లో కోత పెట్టే చోట ముందే గుర్తు పెట్టడం, గదిలో అందరూ ఒక్క నిమిషం ఆగి పేరు, పక్క, ఆపరేషన్ పైకి చదవడం తప్పనిసరి చేశారు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పేజీ సర్జరీ చెక్‌లిస్టు ఇచ్చింది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో పరీక్షిస్తే ఆపరేషన్ మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయని 2009లో ప్రచురించారు. రోగి కూడా అడగవచ్చు. మత్తు ఇవ్వకముందే ఒంటి మీద పెన్నుతో గుర్తు పెట్టారా లేదా చూసుకోవడంలో నామోషీ లేదు. ఎడమ కుడుల మీద వచ్చిన కాగితాల ఫలితాలన్నీ కలిపినా ఈ ఒక్క గుర్తు చేసేంత మేలు చేయవు.

ఇప్పుడు ఆయుష్షును నిజంగా నిర్ణయించే సంగతికి రావాలి. అమెరికా లెక్కల్లో గడ్డ కిడ్నీలోనే ఉండగా దొరికితే అయిదేళ్ళ సాపేక్ష మనుగడ నూటికి 93. చుట్టుపక్కలకు పాకాక 75 దగ్గర. ఊపిరితిత్తులకో ఎముకలకో చేరాక 20కి లోపే. ఎడమకూ కుడికీ మధ్య ఎవరూ చూపలేని అగాధం ఈ మూడు అంకెల మధ్య ఉంది. పాశ్చాత్య దేశాల్లో ఇప్పుడు సగానికి పైగా గడ్డలు వేరే పనికి తీసిన స్కానింగులో యాదృచ్ఛికంగా, చిన్నగా ఉండగానే దొరుకుతున్నాయి. నాలుగు సెంటీమీటర్ల లోపు గడ్డైతే కిడ్నీ మొత్తం తీయకుండా గడ్డ ఉన్న ముక్కనే తీసేయవచ్చు. మన పెద్దాసుపత్రుల లెక్కల్లో రోగుల సగటు వయసు యాభైల్లోనే ఉంటుంది, అంటే అమెరికా వాళ్ళకంటే దాదాపు పదేళ్ళు చిన్న. గడ్డలు మాత్రం పెద్దవి. నొప్పో రక్తమో కనబడ్డాకే వచ్చినవాళ్ళు ఎక్కువ.

ఆలస్యం ఎక్కడ మొదలవుతుందో ఈ ప్రాంతం ఎరిగినవాళ్ళకు తెలుసు. ఎండాకాలం 45 డిగ్రీలు తాకే చోట మూత్రంలో రక్తం పడితే అందరికీ ముందు గుర్తొచ్చేది రాయి. కొండపిండాకు కషాయం తాగుతారు, బార్లీ నీళ్ళు తాగుతారు. రక్తం ఆగిపోతుంది. కషాయం పనిచేసిందనుకుంటారు. కిడ్నీ గడ్డ నుంచి వచ్చే రక్తానికి తరచు నొప్పి ఉండదు, వచ్చి దానంతటదే ఆగుతుంది, మళ్ళీ నెలలకు వస్తుంది. రాయి మెలిపెట్టి ఏడిపిస్తుంది కాబట్టి మనిషి పరుగెత్తుతాడు. గడ్డ ఊరుకుంటుంది కాబట్టి మనిషీ ఊరుకుంటాడు. నొప్పి లేకుండా మూత్రంలో ఒక్కసారి ఎర్రగా కనబడినా, అది ఆగినా సరే, అల్ట్రాసౌండ్ చేయించుకోవాలి. నడుము నొప్పి, రక్తం, చేతికి తగిలే గడ్డ మూడూ కలిసి కనబడేదాకా ఆగితే చాలావరకు ఆలస్యమైపోయినట్టే.

ఆ తర్వాత దూరం. భైంసాలో రైలు లేదు, బాసరకో నిజామాబాద్‌కో పోయి ఎక్కాలి. కల్యాణ్ నుంచి వచ్చే 61వ నంబరు జాతీయ రహదారి ఒకవైపు నాందేడుకు, మరోవైపు నిర్మల్‌కు తీసుకుపోతుంది. థ్రాంబస్ ఉన్న గడ్డకు నాందేడు, నిజామాబాద్‌లలో దారి దొరక్కపోతే రెండు వందల కిలోమీటర్లు దాటి హైదరాబాద్ వెళ్ళాలి. నిమ్స్, ఉస్మానియా, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి అక్కడే ఉన్నాయి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితిని తెలంగాణలో 2023 డిసెంబరు 9న 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆపరేషన్ ఖర్చుకు అది పెద్ద ఊరట. పత్తి ఏరే రోజుల్లో మనిషి వెంట ఇంకో మనిషి వారాల తరబడి పట్నంలో ఉండే ఖర్చు దేనిలోకీ రాదు. హైదరాబాద్ జిల్లాకు జనాభా ఆధారిత క్యాన్సర్ రిజిస్ట్రీ ఉంది. భైంసా దాని పరిధిలోకి రాదు. ఇక్కడి రోగి పెద్దాసుపత్రి దాకా చేరితేనే ఆ ఆసుపత్రి లెక్కలో పడతాడు. ఎడమ కుడుల మీద జరిగే చర్చ అంతా ఇలా చేరగలిగినవాళ్ళ గురించే.

మందుల విషయంలో హైదరాబాద్‌కు ఈ జబ్బు చరిత్రలో ఒక స్థానం ఉంది. కిడ్నీ క్యాన్సర్‌కు మొదటి లక్షిత మందు సొరాఫెనిబ్ 2005 చివర్లో అమెరికాలో అనుమతి పొందింది. బేయర్ కంపెనీ మన దేశంలో నెల మందుకు 2.8 లక్షల రూపాయలు వసూలు చేసేది. 2012 మార్చి 9న పేటెంట్ కంట్రోలర్ పి.హెచ్. కురియన్ హైదరాబాద్ కంపెనీ నాట్కోకు దేశంలోనే మొట్టమొదటి నిర్బంధ లైసెన్స్ ఇచ్చారు. ధర నెలకు 8,880 రూపాయలకు దిగింది. బేయర్ అప్పీళ్ళు 2014 డిసెంబరులో సుప్రీంకోర్టు దాకా వెళ్ళినా నిలవలేదు. ఆ మందు ఇప్పుడు కిడ్నీ క్యాన్సర్‌లో వెనకపడింది. సునిటినిబ్, ఆ తర్వాత రోగనిరోధక శక్తిని మేల్కొలిపే నివొలుమాబ్, పెంబ్రొలిజుమాబ్ లాంటివి వచ్చాయి. ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువున్నవాళ్ళకు పెంబ్రొలిజుమాబ్ ఇస్తే ఎక్కువమంది బతుకుతున్నారని 2024లో ప్రచురించిన ఫలితాలు చూపాయి. వాటి ధర చూస్తే మళ్ళీ 2012 నాటి వాదనే గుర్తొస్తుంది. ఇక్కడ కూడా ఎవరికి ఏ మందన్నది దశ, ముప్పు స్థాయి, జేబు నిర్ణయిస్తాయి. గడ్డ ఏ పక్కదని ఏ మార్గదర్శకమూ అడగదు.

కిడ్నీ తీయించుకుని ఇంటికొచ్చిన మనిషి విషయంలో చాలామంది మరిచిపోయేది మిగిలిన కిడ్నీ. ఎడమదైనా కుడిదైనా అది ఒక్కటే ఇక. అప్పటికే షుగరో బీపీయో ఉంటే దాని మీద బరువు రెట్టింపు. మోకాళ్ళ నొప్పులకని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు దాన్ని మెల్లగా దెబ్బతీస్తాయి. ఈ క్యాన్సర్ పదేళ్ళ తర్వాత కూడా ఊపిరితిత్తుల్లోనో, మిగిలిన కిడ్నీలోనో కనబడిన సందర్భాలున్నాయి. కాబట్టి అయిదేళ్ళు నిండాయని చూపించుకోవడం మానకూడదు. ఏ కొత్త ఆసుపత్రికి పోయినా, రంగు ఇంజెక్షన్ ఎక్కించి సీటీ తీస్తామంటే, ఉన్నది ఒక్క కిడ్నీయేనని ముందే చెప్పి, తాజా క్రియాటినిన్ రిపోర్టు చూపించాలి.